సీసాలు ఆపమన్నదెవరు?

హెర్నియా ఆపరేషన్ కోసం చేరిన ఏడేళ్ళ పిల్లవాడు మంచం మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ నాకు క్రికెట్ కబుర్లు చెబుతున్నాడు. ఉన్నట్టుండి మాట మధ్యలో ఆగిపోయాడు. పళ్ళు టకటక కొట్టుకోవడం మొదలైంది. ఏదో చేష్ట చేస్తున్నాడనుకుని నవ్వాను. పాదం పట్టుకుని చూస్తే మంచుముక్కలా ఉంది.

హెర్నియా తప్ప వాడికి వేరే జబ్బేదీ లేదు. పొద్దున జ్వరం లేదు, దగ్గు లేదు. ఆపరేషన్‌కి ముందు కడుపు ఖాళీగా ఉంచాలి గనక సెలైన్ పెట్టారు, అంతే. వాడికి చలి ఎందుకు రావాలి? తలెత్తి చూశాను. ఎదుటి వరసలో విరేచనాలతో చేరిన ఒక బిడ్డను తల్లి కంబళిలో చుడుతోంది. భిలాయిలో జూన్ నెల అది. ఫ్యాను గాలి కూడా కాలుతున్న రోజు. ఆ బిడ్డా వణుకుతోంది.

అప్పుడు నా చూపు పిల్లల మీది నుంచి పైకి వెళ్ళింది. ఇద్దరి తలల మీదా నిండు సీసాలు. వాళ్ళిద్దరికే కాదు, సెలైన్ ఎక్కుతున్న ప్రతి మంచానికీ నిండు సీసానే. అన్నీ ఒకే ఎత్తున వేలాడుతున్నాయి. అన్నీ కాసేపటి క్రితం ఒకేసారి మార్చినవి. అంతవరకు నేను జబ్బుల్ని చూసి భయపడ్డాను గానీ మందును చూసి భయపడటం అదే మొదలు.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. మన తెలుగు సంఘం వాళ్ళు సంచిక వేస్తూ, "ఉద్యోగంలో ఒక అనుభవం రాసివ్వండమ్మా, మన పిల్లలు చదువుతారు" అన్నారు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు కంటే హిందీ బాగా వచ్చు. చదవలేని చోట అమ్మనో నాన్ననో అడగండి. మా పిల్లలు పడుకున్నాక, మా ఆయన నైట్ షిఫ్టుకి వెళ్ళాక రాస్తున్నాను. వచ్చే నెల నుంచి మా ఆసుపత్రిలో పిల్లల వైద్యం నేర్చుకోవడానికి వచ్చే యువ డాక్టర్ల బాధ్యత నాకు అప్పగిస్తున్నారు. ఆ భయం కూడా ఉంది. కాబట్టి ఇది మీకు ఎంత చెబుతున్నానో నాకు నేను అంత చెప్పుకుంటున్నాను.

ఎవరి పేర్లూ రాయను. ఆసుపత్రి పేరు కూడా రాయను. అది ఇక్కడి స్టీలు ప్లాంటుది కాదు, ఒక ట్రస్టు నడిపే పిల్లల ఆసుపత్రి. ప్లాంటులో పర్మినెంటు ఉద్యోగం లేని కాంట్రాక్టు కూలీల పిల్లలు, ఇటు దుర్గ్ నుంచి అటు కుమ్హారి దాకా పల్లెల పిల్లలు మా దగ్గరికి వచ్చేవారు. నేను విజయనగరం దగ్గర పుట్టి, విశాఖలో డాక్టరు చదువు చదివి, పెళ్ళయ్యాక భిలాయి కాలనీలో సెక్టర్ 6 క్వార్టర్‌కి వచ్చినదాన్ని. అప్పుడు మా అమ్మాయి రెండో తరగతి, అబ్బాయి ఇంకా బడి మెట్టు ఎక్కలేదు. స్వభావంగానే కంగారు మనిషిని. పిల్లల డాక్టర్లు సొంత పిల్లల దగ్గర ధైర్యంగా ఉంటారని మీరు అనుకుంటే పొరపాటు. ప్రతి దగ్గు వెనకా ఏమేం ఉండవచ్చో మాకు వరసగా తెలుసు.

మా విభాగానికి పెద్ద డాక్టరు గారిని అందరం పెద్ద సార్ అనేవాళ్ళం. నాగపూర్ వైపు మనిషి. బిడ్డ పొట్ట మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, లోపల ఏముందో చెప్పగలిగేవారు. చెప్పింది చాలావరకు నిజమయ్యేది. అందువల్ల ఒక చిక్కు వచ్చింది. ఆయన ఉండగా మాలో ఎవరికీ సొంతంగా ఏదీ నిర్ణయించవలసిన అవసరం రాలేదు. జ్వరానికి మాత్ర మార్చాలన్నా, బిడ్డను ఇంటికి పంపాలన్నా "సార్ చెప్పారా?" అనేదే వార్డులో మంత్రం. ఒకసారి వార్డులోకి కోతి దూరితే, ఏ తలుపు తీయాలో సార్‌ని అడిగి రమ్మని మనిషిని పంపిన ఘనత మాది. ఆ మనిషి తిరిగి వచ్చేలోపల కోతి అరటిపండు తిని దానంతట అదే వెళ్ళిపోయింది.

ఆయన మాకు బాగానే నేర్పేవారు. పుస్తకంలో లేనివి కూడా చెప్పేవారు. కానీ మేం నేర్చుకున్నది ఆయన చెప్పింది చేయడం. ఎంత మంచి విద్యార్థి అయితే అంత బాగా చెప్పింది చేసేవాడు. మేం డాక్టర్లను తయారుచేస్తున్నామనుకునేవాళ్ళం. నిజానికి తయారవుతున్నది చక్కటి గుమాస్తాలు.

ఆ రోజు మా ఆసుపత్రికి పరీక్ష రోజు. యువ డాక్టర్లకు పిల్లల వైద్యంలో పై చదువు చెప్పడానికి మాకు అర్హత ఉందో లేదో చూడటానికి దూరం నుంచి ఇద్దరు ప్రొఫెసర్లు వచ్చారు. ఒకాయన, ఒకావిడ. వాళ్ళు ఒప్పుకుంటే ఏటా ఇద్దరికి మా దగ్గరే సీటు దొరుకుతుంది. అది పెద్ద సార్ కల. ఇంకొకరి బతుకు కూడా దాని మీదే ఆధారపడి ఉంది. సెక్టర్ 6లోనే పుట్టి పెరిగిన మన తెలుగమ్మాయి ఒకతె, రాయపూర్‌లో ఎంబీబీఎస్ చేసి, ఆ సీటు వస్తుందన్న ఆశతో చిన్న జీతానికి మా వార్డులో పనిచేస్తూ ఉండేది. చిన్న డాక్టరమ్మ అనేవాళ్ళం.

పరీక్ష రోజుకి పెద్ద సార్ రెండు ఆజ్ఞలు ఇచ్చారు. సగం ఖాళీ అయిన సీసా ఒక్కటి కూడా కనబడకూడదు. ప్రొఫెసర్లు వార్డు చూసి వెళ్ళేదాకా ఎవరూ దేనినీ మార్చకూడదు. మొదటి ఆజ్ఞ ప్రకారం హెడ్ సిస్టర్ కొత్త పెట్టె విప్పించి అన్ని మంచాలకీ ఒకేసారి నిండు సీసాలు తగిలించారు. ఆవిడ కేరళ మనిషి, పనిలో వంక పెట్టలేం. వార్డు పెళ్ళిపందిరిలా కళకళలాడింది. ఇక రెండో ఆజ్ఞ ఎంత బాగా పాటించామో వినండి.

"ఇంకెవరికైనా చలి వచ్చిందా?" అని చిన్న డాక్టరమ్మను అడిగాను.

తను స్టెతస్కోపు మెడలోంచి తీసి జేబులో పెట్టుకుంది. మళ్ళీ తీసింది. "మొదటి మంచం బాబుకి వచ్చింది మేడమ్. ఇందాక. ఇంజెక్షన్ ఇచ్చేశాను. ఠీక్ అయిపోయాడు."

"నాకు చెప్పలేదేం?"

"సార్ అన్నారు కదా, ఈరోజు ఏమీ ఛేంజ్ చెయ్యొద్దని. మలేరియా అనుకున్నాను."

"మరి ఈ హెర్నియా పిల్లాడికీ మలేరియానేనా?"

తను నా మొహం చూసి, నా చూపు వెంట పైకి చూసింది. "బాప్ రే" అంది మెల్లగా.

సెలైన్ తయారీలో శుభ్రత తప్పితే, ఆ నీళ్ళు నరంలోకి వెళ్ళగానే చలీ జ్వరం పుడతాయి. గట్టి మనిషైతే వణికి లేస్తాడు. విరేచనాలతో నీరసించిపోయిన పసిబిడ్డ తట్టుకోలేదు. చేయవలసిన పని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది, ఆపేయాలి. కానీ మా వార్డులో సగం మంది ఒంట్లో నీళ్ళు ఇంకిపోయి చేరినవాళ్ళే. వాళ్ళకి ఆ సీసానే ప్రాణం. అన్నీ ఆపితే వాళ్ళ గతేమిటి? ఆపకపోతే? పైగా మేడ మీద ప్రొఫెసర్లు. ఇంకాసేపట్లో కిందికి దిగుతారు.

ఎదురుగా వణుకుతున్న ఇద్దరి సెలైనూ ఆపించి, సూది మందులు ఇమ్మన్నాను. మిగిలిన వాటి సంగతి?

"సార్‌ని అడిగేద్దాం మేడమ్" అంది చిన్న డాక్టరమ్మ, ఆయన కోపానికి భయపడుతూ. "నహీ తో గుస్సా అయిపోతారు."

నాకూ అదే తోచింది. ఏళ్ళ తరబడి అలవాటు కదా. మెట్లెక్కి పరుగెత్తాను. గది తలుపు సగం తెరిచి ఉంది. లోపల చీకటి, ప్రొఫెసర్ల కోసం గోడ మీద వేసిన స్లైడు బొమ్మలు. పెద్ద సార్ కర్రతో చూపిస్తూ మాట్లాడుతున్నారు. నేను గుమ్మంలో నిలబడి "సార్" అన్నాను. ఆయన ఇటు తిరక్కుండానే అరచెయ్యి ఎత్తి "ఠహరో" అన్నారు. ఆగమని.

ఆగాను. నమ్ముతారో లేదో, నిజంగానే ఆగాను. చదువుకున్న మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని, ఆ ఎత్తిన చేతిని చూస్తూ బడిపిల్లలా గోడకి ఆనుకుని నిలబడ్డాను. అంతలో కింద నుంచి కేక వినబడింది, మన భాషలో.

"డాక్టరమ్మో! నా గుంట బిగుసుకుపోతన్నాదే!"

మళ్ళీ "సార్" అనలేదు. దిగి పరుగెత్తాను.

ఆ కేక వేసినావిడ పార్వతీపురం వైపు మనిషి, అక్కడ గుంట అంటే ఆడపిల్ల. భర్త ప్లాంటులో కాంట్రాక్టు మీద ఇటుకలు మోసే పని. ఏడు నెలల ఆడపిల్లను కళ్ళు గుంటలు పడిపోయిన స్థితిలో తీసుకొస్తే, సెలైన్ మీద మెల్లగా తేరుకుంటోంది. ఇప్పుడు ఆ పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి, ఒళ్ళంతా విరుచుకుంటోంది. నేను గొట్టం నొక్కేసి సీసా దించబోయాను. ఆవిడ రెండు చేతులతో సీసాను పట్టుకుంది.

"తీయనివ్వను! ఇన్నాల్లూ నా గుంటని నిలబెట్టింది ఈ బోతల్ కాదేటి? పెద్దోలు ఒచ్చారని ఇప్పుడు తీసేత్తన్నారా?"

"పెద్దవాళ్ళ కోసం కాదమ్మా. ఈ సీసా మంచిది కాదు."

"నిన్నటిదాకా మంచిదేటి, ఈయేల సెడ్డదేటి?"

"నిన్నటి సీసా వేరు, ఇది కొత్త పెట్టెలోది. దీన్నుంచే ఈ వణుకు."

ఆవిడ నా కళ్ళలోకి చూసింది. "నీకు పిల్లలున్నారేటి?"

"ఇద్దరు."

"ఆలకైతే తీసేద్దువా?"

"ఈపాటికే తీసేసేదాన్ని. నీతో ఇంతసేపు వాదించేదాన్ని కాదు."

ఆవిడ చేతులు వదిలాయి. "అలగైతే తియ్యి. కానీ నా గుంట కాడినుంచి నువ్వు కదిలితే ఊరుకోను. ఆ!"

"కదలను" అన్నాను.

అప్పుడు వెనక్కి తిరిగి సిస్టర్‌తో చెప్పాను. "అన్ని సెలైన్లూ ఆపేయండి. సీసాలు, గొట్టాలు అన్నీ తీసేయండి."

"సార్ చెప్పారా డాక్టర్?"

"లేదు. నేను చెబుతున్నాను."

నాయకుల గొంతు గంభీరంగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నా గొంతు కీచుమంది. కానీ సిస్టర్ కదిలింది. ఎవరో ఒకరు ఆ మాట అనాలని ఆవిడ ఎదురుచూస్తున్నట్టుంది. నేను రెండు మంచాలు పూర్తిచేసేలోపల ఆవిడ వరసంతా ముగించి, తీసేసిన సీసాలు ఎవరూ పొరపాటున వాడకుండా ఒక మూల చేర్చి, అత్యవసర గదిలో పాత పెట్టెవి ఏమైనా మిగిలాయేమో చూడమని ఆయాను పంపింది.

పాతవి నాలుగైదు ఉన్నాయి. వణుకు మొదలైనవాళ్ళూ, కానివాళ్ళూ కలిసి అంతకు రెండింతలకు పైగా ఉన్నారు పిల్లలు.

"ఆ వరస నీది" అన్నాను చిన్న డాక్టరమ్మతో. "సీసా తప్పనిసరిగా ఎవరికి కావాలో నువ్వే చూసి చెప్పు."

"మేరే సే నహీ హోగా మేడమ్."

"నాకూ చేతకాదు. పద."

వెళ్ళింది. మొదటి రెండు మంచాల దగ్గర నా వైపు తిరిగి చూసింది. మూడో మంచం నుంచి చూడటం మానేసింది. తిరిగి వచ్చి ముగ్గురిని ఎంచి చెప్పింది. పార్వతీపురం ఆవిడ బిడ్డ అందులో మొదటిది. ఒక పిల్లవాడి విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేదు. వాడికీ సీసా కావాలన్నాను. "అక్కర్లేదు మేడమ్. చెంచాతో పోస్తే మింగుతున్నాడు, నేను పోసి చూశాను. ఆ సీసా ఉంచుదాం, ఇంకెవరికైనా పడొచ్చు" అంది. మాట వెనక్కి తీసుకోలేదు. తనదే సరైన మాట అయింది. ఆ సీసా తర్వాత కంబళిలో వణికిన బిడ్డకి పనికొచ్చింది.

మిగిలిన పిల్లలందరికీ నోటి ద్వారానే నీళ్ళు. ఉప్పు, చక్కెర కలిపిన ఆ పొట్లాల నీళ్ళు మీ అందరికీ తెలుసు. ఆయాలు బిందెల్లో కలిపారు. తల్లులు స్టీలు గ్లాసులు, చెంచాలు పట్టుకుని నేల మీద వరసగా కూర్చున్నారు. వాళ్ళలో చాలామందికి కోపం. బాటిల్ పెట్టని డాక్టరు డాక్టరే కాదని వాళ్ళ నమ్మకం. ఒకావిడ గ్లాసెత్తి గడగడా పోసేస్తే పిల్లవాడు వాంతి చేసుకున్నాడు. అది చూసి పార్వతీపురం ఆవిడ తన మంచం దగ్గర నుంచే, చెంచాతో పట్టమని తనకొచ్చిన హిందీలో అరిచింది. "ఏ దీదీ! చమ్మచ్ చమ్మచ్ పిలావో! గేదెకి కుడితి పెడతన్నావేటి?" చివరి ముక్క తెలుగే అయినా అందరికీ అర్థమైంది. వణుకు తగ్గిన హెర్నియా పిల్లవాడితో సహా అందరూ నవ్వారు. ఆ తర్వాత కోపాలు కొంచెం తగ్గాయి.

ఆవిడ నవ్వలేదు. బిడ్డ ఒళ్ళు ఇప్పుడు నిప్పులా కాలుతోంది. వణుకు ఆగింది గానీ కళ్ళు తెరవడం లేదు. చిన్న డాక్టరమ్మ తలలో సన్నని నరం వెతికి, కొత్త గొట్టంతో పాత సీసా పెట్టింది. అంత నీరసించిన బిడ్డకి మొదటి ప్రయత్నంలోనే సూది దిగడం మామూలు విషయం కాదు.

సరిగ్గా ఆ వేళకి ప్రొఫెసర్లు దిగారు.

వాళ్ళకు కనిపించిన దృశ్యం ఊహించుకోండి. పొద్దున్నుంచి దిద్దిన వార్డు. ఖాళీ స్టాండ్లు, మూలన సీసాల గుట్ట, నేలంతా తడి, మంచాల మధ్య బాసింపట్లు వేసుకున్న తల్లులు. పెద్ద సార్ గుమ్మంలోనే నిలబడిపోయారు. "ఆపమన్నది ఎవరు?" అన్నారు హిందీలో. గట్టిగా అనలేదు. ఆయన గట్టిగా అనకపోతేనే మాకు భయం.

నేను నోరు తెరవబోయాను. నాకంటే ముందు చిన్న డాక్టరమ్మ అంది. "మేమే సార్."

వరసగా చెప్పింది. మొదట ఎవరికి వచ్చింది, తను ఏం చేసింది, చెప్పకుండా ఎందుకు ఊరుకుంది, తర్వాత ఏం చేశాం. తన తప్పు దాచుకోలేదు. సీటు ఇవ్వవలసినవాళ్ళు ఎదురుగా నిలబడి వింటున్నారని తెలిసీ దాచుకోలేదు.

ప్రొఫెసర్లలో ఆవిడ అన్నీ విని ఒకే ప్రశ్న అడిగారు. "సెలైన్ ఒక్కొక్కరికి ఒక్కో వేళకి అయిపోతుంది కదా. అన్నీ ఒకేసారి ఎలా మార్చారు?"

సిస్టర్ నేల చూపులు చూసింది. పెద్ద సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నేనే మార్చమన్నాను" అన్నారు. "మీకు నిండుగా కనిపించాలని."

ఆయన తప్పు ఒప్పుకోగా నేను చూడటం అదే మొదటిసారి. అంతలో వార్డు అవతలి కొస నుంచి కేక వినబడింది. "డాక్టరమ్మా! పోసింది! సీరంతా తడిపేసింది!" ప్రొఫెసర్లు కంగారుగా చూశారు. ఆవిడ ఏమంటోందని అడిగారు. "బిడ్డకి మూత్రం వచ్చింది మేడమ్" అంది చిన్న డాక్టరమ్మ. అంతే, డాక్టర్లు, పరీక్షకులు, అందరం ఆ మంచం చుట్టూ మూగాం. ఒంట్లో నీళ్ళు నిలబడుతున్నాయనడానికి అంతకంటే మంచి కబురు లేదు. ప్రొఫెసర్ గారు ఆ తడి కొంగు వేలితో తాకి తల్లి వైపు చూసి నవ్వారు.

కానీ జ్వరం దిగలేదు. ఊపిరి వేగంగానే ఉంది. ఆ రాత్రి గడవాలి.

సీట్లు రాలేదు. సాయంత్రం పెద్ద సార్ మమ్మల్ని పిలిచి చెప్పారు. ప్రొఫెసర్ గారు ఆయనతో అన్న మాటలు ఆయనే మాకు అప్పజెప్పారు. "మీ దగ్గర వైద్యం బాగుంది. కానీ వార్డుకి ఆపద వస్తే, అది మెట్లెక్కి మీ గదికి రావలసి వస్తోంది. ఆ జబ్బు కుదిర్చి మళ్ళీ మమ్మల్ని పిలవండి." చిన్న డాక్టరమ్మకి ఒక ఏడాది పోయింది. ఏడుస్తుందనుకున్నాను. రెండు కప్పుల టీ తాగి, "ఏక్ సాల్ కీ తో బాత్ హై మేడమ్", ఒక్క ఏడాదేగా అని మళ్ళీ వార్డులోకి వెళ్ళింది.

ఆ ఏడాది పెద్ద సార్ తనకు తానే వైద్యం మొదలుపెట్టారు. ప్రతి గురువారం రౌండ్లు జూనియర్లు నడపాలి. ఆయన మాత్రం వెనకగా, తల్లులు కూర్చునే బల్ల మీద కూర్చోవాలి. ఆయాతో సహా ఎవరికి ఏది తేడాగా అనిపించినా రౌండు ఆపించవచ్చు. మాట ఇచ్చినంత తేలిక కాలేదు ఆయనకి. మేం తప్పుగా చెబుతుంటే దగ్గేవారు. ఆ దగ్గులో ఎన్ని రకాలున్నాయో కొన్నాళ్ళకి మాకు తెలిసిపోయింది. "సార్, మీ దగ్గు కూడా ఆర్డరే" అని చిన్న డాక్టరమ్మ ఒక గురువారం అనేసింది. ఆయన లేచి వెళ్ళిపోతారనుకున్నాం. ఆయన జేబులోంచి లవంగం తీసి నోట్లో వేసుకున్నారు. అప్పటినుంచి గురువారం గురువారం లవంగమే. తప్పులు చేశాం, కొన్నింటికి సిగ్గుపడ్డాం కూడా. కానీ ఆయన సెలవు మీద ఊరెళ్ళినప్పుడు వార్డు ఆయన్ని వెతుక్కోవడం మానేసింది. మరుసటి ఏడు ప్రొఫెసర్లు వచ్చారు. సీట్లు ఇచ్చారు. మొదటి సీటు ఎవరికి వచ్చిందో చెప్పనక్కర్లేదు.

ఇదంతా తర్వాతి మాట. నేను మీకు చెప్పాలని మొదలుపెట్టింది నిజానికి ఆ మొదటి సాయంత్రం సంగతి.

ఆ రాత్రి డ్యూటీ చిన్న డాక్టరమ్మది. నేను ఇంటికి వెళ్ళాలి. మా ఆయన నైట్ షిఫ్టుకి సైకిలెక్కే వేళకి పిల్లల దగ్గర నేను ఉండాలి. కానీ పార్వతీపురం ఆవిడకి కదలనని మాటిచ్చాను. బిడ్డ ఇంకా కళ్ళు తెరవలేదు. పక్కింటివాళ్ళకి కబురు చేసి, పిల్లల్ని వాళ్ళ దగ్గర పడుకోబెట్టమందామనుకున్నాను. పెద్ద సార్ అటుగా వచ్చి, నేను ఇంకా అక్కడే ఉండటం చూశారు.

"ఇంటికి వెళ్ళు" అన్నారు.

"సార్, ఈ బిడ్డ..."

"నువ్వు ఇక్కడుంటే ఆ అమ్మాయి రాత్రంతా నిన్నే అడుగుతుంది. నేనుంటే నన్ను అడుగుతుంది. నేనూ వెళ్తున్నాను." ఆయన చేతిలో స్కూటరు తాళంచెవి ఉంది. వెళ్ళాలని ఆయనకీ లేదని ఆ తాళంచెవిని తిప్పుతున్న తీరులోనే తెలిసింది.

ఆవిడ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక గబగబా చెప్పేశాను.

"ఎల్లిపోతన్నావేటి! కదలనన్నావు కదేటి?"

"నేను వెళ్ళినా ఈ చిన్న డాక్టరమ్మ ఉంటుంది. ఇందాక నీ బిడ్డకి నరం వెతికి పట్టింది తనే."

ఆవిడ చిన్న డాక్టరమ్మను పైనుంచి కింది దాకా చూసింది. "ఈ పిల్లా? పెల్లైనట్టు కూడా లేదు. ఈలకేటి తెలుస్తాది పిల్లల సంగతి?"

"పెళ్ళి కాలేదు గానీ నీంద్ కూడా రాదు నాకు" అంది చిన్న డాక్టరమ్మ, స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంటూ. "రాత్రంతా నీ మొహమే చూడాలి. కొంచెం నవ్వొచ్చు కదా పిన్నీ."

పిన్ని నవ్వలేదు. కానీ జరిగి, తన సంచీ తీసి, స్టూలుకి చోటిచ్చింది.

ఇల్లు చేరి పిల్లలకి అన్నం పెట్టాను. ఎందుకలా ఉన్నావని అమ్మాయి అడిగితే, ఆసుపత్రిలో ఒక పాపకి బాగాలేదని చెప్పాను. ఆ రాత్రి నేను పడిన కంగారు ఇక్కడ రాయను. మా క్వార్టర్‌లో ఫోన్ లేదు. పక్కింట్లో ఉంది. అది లేని మేలు ఏమిటో ఆ రాత్రి తెలిసింది. మా ఇంట్లోనే ఉండి ఉంటే గంటకోసారి చేసి ఆ అమ్మాయిని చంపేసేదాన్ని.

తెల్లవారగానే పక్కింటి తలుపు కొట్టి ఫోన్ చేశాను. చిన్న డాక్టరమ్మ గొంతు బొంగురుగా వినబడింది.

"పాప ఎలా ఉంది?"

"తల్లి పాలు తాగుతోంది మేడమ్. జ్వరం దిగింది. రాత్రి మధ్యలో ఊపిరి జోరుగా అయిపోయింది. సెలైన్ స్పీడ్ తగ్గించి, తడిగుడ్డలు వేసి, ఆక్సిజన్ పెట్టాం. తెల్లారగట్ల కళ్ళు తెరిచింది. పాలు తాగడం చూసి సెలైన్ తీసేశాను."

"అంత జరిగితే నాకు కబురు చెయ్యలేదేం?"

"జరూరత్ పడలేదు మేడమ్." నా అవసరం రాలేదట.

"పెద్ద సార్‌కి చెప్పావా?"

"మీకంటే ముందే ఆయన ఫోన్ చేశారు. చెబితే 'అచ్ఛా' అని పెట్టేశారు." వెనక నుంచి పార్వతీపురం ఆవిడ గొంతు వినబడింది. "ఎవులే? పెద్ద డాక్టరమ్మా? తొందరేటీ లేదు, అన్నం తిని రమ్మను!"

ఇంటికొచ్చేసరికి పిల్లలు లేచి ఉన్నారు. అమ్మాయి మొహం కూడా కడుక్కోకుండా గుమ్మంలో నిలబడి అడిగింది. "అమ్మా, పాపకి ఎలా ఉంది?"

"బాగుంది. పాలు తాగుతోంది."

"నువ్వు ఫోన్‌లో మందు చెప్పావా?"

"లేదు. అన్నీ అక్కడున్న అక్క చూసుకుంది. నన్నేమీ అడగలేదు."

చిన్నవాడికి అది చాలా బాధాకరమైన విషయంలా తోచింది. వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడు. "నువ్వు లేకుండానా?"

"నేను లేకుండానే" అన్నాను. "నా ఉద్యోగంలో ఇంత మంచి మాట నాకెవరూ ఇంతవరకు చెప్పలేదు, నాన్నా."